ఒక్క గడిలోనే టిక్కు

కొత్త మేనేజరు పంపిన కాగితాలు
మైక్రోవేవ్ పక్కన, చక్కెర పొట్లాల కింద దొంతరగా ఉన్నాయి.
'మీకు బాగా నచ్చిన పని ఏది?
ఒక్క గడిలోనే టిక్కు పెట్టండి.'
రాత్రి రెండుంపావు. థండర్ బేలో బయట మైనస్ ముప్పై ఒకటి.
లోపల మాకు పదిహేను నిమిషాల విరామం,
ఎవరో వేడిచేసిన చేపల సూపు వాసన.

"నచ్చటమేమిటి, జీతం నచ్చుతుంది" అన్నాడు డారెన్.
అని, తనే ముందు మొదలెట్టాడు.
ట్రక్కు దించడమట.
అరలు సర్దడానికి అంతుండదు,
ఈ చేత్తో పేర్చింది ఇంకో చెయ్యి పట్టుకుపోతుంది.
ట్రక్కు అలా కాదు.
నాలుగు గంటలు నడుం విరిగినా
చివరికి ఖాళీ నేల కనిపిస్తుంది, చీపురు వెయ్యొచ్చు.
"ఈ కొట్టు మొత్తంలో
అయిపోయే పని అదొక్కటే."

ఓరెస్ట్ ఒప్పుకోలేదు.
పార్కింగులో ట్రాలీలు పోగుచేసే మనిషి,
కనుబొమల మీద మంచు ఇంకా కరగలేదు.
ఇరవై ట్రాలీలు ఒకదాన్లో ఒకటి దూర్చి తోస్తుంటే
తనకంటూ ఒక రైలున్నట్టు ఉంటుందట.
అక్కడ 'మైదా ఎక్కడ' అని అడిగేవాడు లేడు.
పైగా జనం మర్చిపోయే చీటీలు.
జేబులోంచి ఒకటి తీసి బల్లమీద పరిచాడు,
తడిసి ఆరిన కాగితం, వంకర రాత:
పాలు. బ్యాటరీలు. ఎలుకల బోను.
అమ్మకి ఏదో ఒకటి.

"ఏం కొన్నాడో" అంది మార్సెలిన్.
చెప్పులన్నారు, చాక్లెట్లన్నారు,
సగం విరామం దానికే పోయింది.
"ఏమీ కొనుండడు" అంది లెమ్పి.

మార్సెలిన్‌ది వాపసు కౌంటరు.
అబద్ధాలు వినడం తనకిష్టం, దాచుకోదు.
'విప్పనేలేదండీ' అంటూ ఒకాయన తెచ్చిన గుడారంలోంచి
దేవదారు సూదులు రాలాయి,
సగం కాలిన మొక్కజొన్న కంకి, ఒక మేజోడు.
డబ్బు తిరిగి ఇచ్చేసింది.
మేజోడు కూడా మడిచి ఇచ్చింది.

లెమ్పి కాగితం వంక చూడనైనా చూడలేదు.
పంతొమ్మిదేళ్ళు బట్టల తానుల దగ్గర కత్తెర పట్టింది.
ఆ బల్ల పీకేసి, అక్కడ ఫోను తొడుగులు వేలాడదీసి రెండేళ్ళు.
ఆమె గడి ఆ కాగితంలో లేదు.
"ప్రతి ముక్కకీ బెత్తెడు ఎక్కువ కోసేదాన్ని" అంది
టీ చల్లార్చుకుంటూ, తాపీగా.
"కుట్టేవాళ్ళ చెయ్యి ఎక్కడో ఒకచోట తప్పుతుంది కదా."
పంతొమ్మిదేళ్ళ బెత్తెళ్ళు!
డారెన్ వేళ్ళమీద లెక్క కట్టబోయి
మానేశాడు.

నా వంతొచ్చింది. రంగుల కౌంటరే అన్నాను,
అందరూ అదే అనుకుంటున్నారు గనక.
అదీ అబద్ధం కాదు. గోరంత పెచ్చు తెచ్చి
'మా పడవది, ఇదే నీలం కావాలి' అంటారు.
డబ్బా కుదిపి, మూతమీద ఒక చుక్క పెడితే
తడిలో ఒక రంగు, ఆరాక ఒక రంగు.
ఆ మధ్యలో ఇద్దరికీ ఊపిరాడదు.

అసలు సంగతి మాత్రం చెప్పలేదు.
ఏడాదికి రెండు రాత్రులు, గంట మారే ఆదివారాల్లో,
నిచ్చెన ఇచ్చి నన్ను గోడ గడియారాల వరసకి పంపుతారు.
నలభై మూడు.
మార్చిలో ముల్లు ముందుకి తిప్పుతుంటే
ఎవరి గంటో కాజేస్తున్నట్టుంటుంది.
నవంబరులో అదే వేలితో తిరిగి ఇచ్చేస్తాను.
కింద ఎవరూ ఉండరు. నలభై మూడూ కొట్టుకుంటుంటాయి,
ఏ రెండూ కలవవు.
ఆ పనికి పేరు లేదు. జీతం చీటీలో అది 'ఇతరములు'.

పెన్ను చేతిలోనే ఉంది.
స్పీకరు గరగరలాడింది: ఏడో వరసలో
దోసకాయ ఊరగాయ సీసా పగిలిందట.
"అదీ రాసెయ్యి" అని నవ్వాడు ఓరెస్ట్,
చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.
లేచాను. గాజుముక్కలుంటాయి,
చీపురు ముందు, గుడ్డ తరవాత.